సోలెడు నేరేడు

తెల్లారుజామున మూడింటికి పుట్టిన ఆ బిడ్డ ఎవరో నాకు తెలీదు.
ప్రసూతి ఆసుపత్రి నుంచి దొరస్వామి
ఐస్ డబ్బాలో పెట్టి సైకిలు మీద తెచ్చింది
బిడ్డను తొమ్మిది నెలలు కట్టి ఉంచిన తాడు మాత్రమే.
జానెడు. బూడిదరంగు. మెలి తిరిగి ఉంది.
వెంట ఒక కాగితం, దాని మీద తల్లి వేలిముద్ర, ఒక నంబరు.

లోపలి నరాన్ని ఉప్పునీళ్ళతో కడిగితే
మొదట నెత్తురొస్తుంది, తరవాత వట్టి నీళ్ళు,
ఆ తరవాత, ఓపిక ఉంటే, కణాలు.
నాలుగైదు రోజులకు పళ్ళెం నిండా పరుచుకుంటాయి
వసారాకి కడపరాళ్ళు పరిచినట్టు,
సందు లేకుండా, ఒకదాని భుజానికొకటి ఆనుకొని.
ఒంట్లో ప్రతి నెత్తుటి కాలవకీ లోపలి పూత ఇదే,
వెంట్రుకలో వందో వంతు మందం.
దీని మీదనే డెబ్బై ఏళ్ళు నడుస్తుంది నెత్తురు
చెప్పులు విడిచి కొండెక్కేవాళ్ళ మాదిరి.

ఈ పొద్దు నేను దాన్ని రెచ్చగొట్టాలి.
ఒక్క చుక్క చాలు,
ఏదో కంపెనీ పొడి చేసి సీసాలో పంపిన మంట.
కొన్ని గంటల్లో రాళ్ళు ముడుచుకుంటాయి, సందులు విడతాయి,
దోవన పోయే తెల్లకణాలు ఆగి, పట్టుకొని, వేలాడతాయి,
గలాటా ఆపడానికొచ్చినవాళ్ళే
అంగడి అద్దాలు పగలగొట్టినట్టు.

రెండో పళ్ళెంలోనూ అదే మంట.
కాకపోతే ముందురోజు రాత్రే దానికి
నేరేడు తొక్కల రసం తాపించాను.

ఆ పండ్లు కుప్పమ్మవి.
భాకరాపేట అడివంచు నుంచి మొదటి బస్సుకొచ్చి
బాలాజీ కాలనీ సర్కిల్లో గోనెపట్ట పరుస్తుంది.
తక్కెడ లేదు. సోల ఉంది, అడుగు తినేసిన ఇనప సోల,
బొక్కకు అరిటాకు ముక్క అడ్డం.
"తుప్పే గదమ్మా, తుడిస్తే పోతాది."
పోదు కుప్పమ్మా. నేను చదివేది ఆ తుప్పు గురించే.
ఇనుమును తిన్నట్టే గాలి మనల్నీ తింటుంది
ఊపిరి పేరు చెప్పి, కొంచెం కొంచెం.
పగలంతా ఎండలో నిలబడే చెట్టు,
తన నీడలో తను కూచోలేని చెట్టు,
ఎప్పుడో ఒక ఉపాయం పట్టింది:
తొక్కలో దాచిన ఊదారంగు,
ఆకలిగొన్న గాలికి ముందుగా తానే ఎదురుపోయే రంగు.

సాయంత్రం మైక్రోస్కోపు కింద లెక్కపెట్టాను.
మొదటి పళ్ళెంలో గడికి నలభై మూడు.
రెండో దాంట్లో పందొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై ఒకటి.
గదిలో ఎవరూ లేరు, నవ్వాను.
హేమావతి మేడం నా వాక్యమంతా ఉంచి
"కాపాడుతుంది" ఒక్కటీ కొట్టేసింది.
పైన ఎర్ర పెన్నుతో "కాపాడవచ్చు".

నిజమే. పళ్ళేనికి కడుపు లేదు, కాలేయం లేదు.
పళ్ళెం అప్పు తీర్చదు, రాత్రి డ్యూటీకి పోదు.
నోట్లో వేసుకున్న పండు ఆ నరం దాకా చేరేసరికి
ఎంత మిగులుతుందో, అసలు పండుగానే మిగులుతుందో.

"మీ మిషను ఏమనె నా పండ్లను?"
"డిష్షులో బాగా పనిచేసింది కుప్పమ్మా."
"డిష్షంటే?"
"పళ్ళెం. ఇంత. దాంట్లో నరం పెంచుతాం."
"నీ పళ్ళెంలో చేసింది నా పళ్ళెంలో చెయ్యదా ఏంది!"
నవ్వింది. నాలుక చూశాను. మామూలు రంగు.
పొద్దుట్నుంచి ఒక్క పండు నోట్లో వేసుకోలేదు.
చెంగుముడి విప్పి బీపీ మాత్ర తీసి
సగానికి విరిచి మిగతాది మళ్ళీ కట్టుకుంది.
"నెలంతా రావాల గదా."

సోలెడు కొన్నాను.
గుప్పెడు తీసి ఆమె చేతిలోనే పెట్టాను.
ఆ గుప్పెడూ నా సంచిలో పోసేసింది, కొసరు అని.

రాత్రి రికార్డులో అంకెలెక్కిస్తుంటే
"కాపాడవచ్చు" మీద నా బొటనవేలి ఊదా ముద్ర పడింది.
తుడిచాను.
రేపు ఆదివారం.
అయినా కణాలకు తిండి మార్చడానికి రావాలి.